పాత ఎస్టేటా, పాత జిప్సీయా? హనుమకొండ పాఠకునికి సమాధానం

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. చిన్నప్పుడు మా వీధిలో ఒక డాక్టరుగారికి టాటా ఎస్టేట్ ఉండేది. ఆ పొడుగాటి బండి మీద ఇష్టం నాకు ఇప్పటికీ పోలేదు. ఈమధ్య పరకాలలో ఒకాయన 1996లో రిజిస్టరైన ఎస్టేట్‌ను అమ్ముతున్నారని తెలిసింది. కరీంనగర్‌లో సైన్యం వేసిన వేలంలో కొన్న మారుతి జిప్సీ కింగ్ కూడా ఒకటి అమ్మకానికి ఉంది. గోవిందరావుపేట దగ్గర లక్నవరం ఆయకట్టు కింద మాకు పొలం ఉంది. నెలకు రెండు మూడు సార్లు డెబ్బై ఏళ్ళు దాటిన బాపును, అమ్మను, నా భార్యను, కూతురును తీసుకొని వెళ్ళివస్తాను. పొలానికి చివరి కిలోమీటరు మట్టిబాట. రోజువారీ పనులకు ఒక చిన్న కారు ఉంది. పాత బండి కొనడం దండగ అని నా భార్య అంటోంది. అదే డబ్బు ముందుగా కట్టి కిస్తీల మీద కొత్త ఎస్‌యూవీ తీసుకొమ్మని మా బావమరిది అంటున్నాడు. ఈ పాత బండ్ల మీద నా ఇష్టం అర్థం లేనిదా? కొనవచ్చు అంటే రెండింటిలో ఏది కొనాలి?

సమాధానం: మీ ఇష్టం అర్థం లేనిది కాదు. రెండింటిలో ఎస్టేట్‌నే తీసుకోండి. అయితే దాని చట్రం తుప్పు పట్టకుండా ఉండాలి, అద్దాలన్నీ బాగుండాలి, రిజిస్ట్రేషన్ ఏ చిక్కూ లేకుండా మీ పేరుకు మారాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఎంత తక్కువకు ఇస్తామన్నా ఆ బండిని వదిలేయండి. ఇంజన్ మాట ఈ షరతుల్లో లేకపోవడం మీకు వింతగా తోచవచ్చు. దానికి కారణం ఉంది, కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను.

పాత వ్యాగన్లను, అంటే ఎస్టేట్‌లాగా పైకప్పు వెనుక చివరిదాకా సాగిన పొడుగాటి కార్లను, పాత జీపులను ప్రాణంగా చూసుకొనేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. స్వీడన్‌కు చెందిన వోల్వో 1974 నుంచి 1993 వరకు తయారు చేసిన 240 వరుసలోని వ్యాగన్ అచ్చం ఒక పెట్టెలా ఉంటుంది. రష్యాలో 1977లో మొదలైన లాడా నీవా చిన్నది, మొరటుది, చప్పుడు చేసేది. అయినా ఈ రెండింటికీ ఇవాళ ఉన్నంత అభిమానులు అదే కాలంలో వచ్చిన ఎన్నో అందమైన కార్లకు లేరు. నా ఉద్దేశంలో దీనికి పాతకాలం మీది బెంగ ఒక్కటే కారణం కాదు. ఈ బండ్ల ఆకారం వాటి పనిలోంచి పుట్టింది. సామాను పట్టాలి కాబట్టి పైకప్పు చివరిదాకా సాగింది, రాళ్ళ మీద నడవాలి కాబట్టి ఒళ్ళు నేలకు ఎత్తుగా నిలిచింది. బానెట్ ఎత్తితే ఏ గొట్టం ఎక్కడికి పోతోందో, ఏ తీగ ఎక్కడ తగులుకొని ఉందో కంటికి కనబడుతుంది. యజమాని కొంచెం ఓపిక పట్టి నేర్చుకుంటే బండి మొత్తం అతనికి అర్థమవుతుంది, ఎక్కడో ఏదో మోగితే అది ఎక్కడినుంచి వస్తోందో చెప్పగలుగుతాడు. మన చేతికి అందే వస్తువు మీద కలిగే మమకారం వేరుగా ఉంటుంది. మీది ఆ మమకారమే అయితే దానికి ఎవరి ముందూ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

మన దేశంలో వ్యాగన్ల కథ మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. అప్పట్లో టెల్కోగా పిలిచే టాటా సంస్థ లారీలతో పేరు తెచ్చుకొని, 1988లో పికప్ బండిని, దాని చట్రం మీదనే 1991లో మూడు తలుపుల సియెరాను, 1992లో మీరు కోరుకుంటున్న ఎస్టేట్‌ను తెచ్చింది. పవర్ కిటికీలు, విశాలమైన సీట్లు, సీట్లు మడిస్తే ఒక చిన్న గది అంత చోటు, అన్నీ ఉన్నా అది ఎక్కువగా అమ్ముడుపోలేదు. ఆ తరువాత వచ్చిన మారుతి బెలెనో ఆల్టురా, ఫియట్ సియెనా వీకెండ్, ఓపెల్ కోర్సా స్వింగ్, టాటా ఇండిగో మెరీనా, ఇవన్నీ కూడా కొన్నేళ్ళకే కనుమరుగయ్యాయి. కారు అంటే వెనుక విడిగా డిక్కీ ఉండాలని కొనుగోలుదారులు అనుకున్నారు, పైకప్పు చివరిదాకా ఉన్న బండి వాళ్ళకు సామాను వ్యానులా కనబడింది. ఎక్కువ మంది ఎక్కాలనుకున్నవాళ్ళు 1994లో వచ్చిన సుమో వైపు, 2000లో వచ్చిన క్వాలిస్ వైపు వెళ్ళిపోయారు. ఊరికి వెళ్ళివచ్చేటప్పుడు బియ్యం బస్తా, మామిడికాయల గంప, మిరపకాయల మూట, ముసలివాళ్ళ మందుల సంచీ కలిసి రావలసిన కుటుంబాలకు వ్యాగన్ కంటే తగిన బండి ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. 2025 నవంబరులో టాటా సియెరా పేరుతో కొత్త బండిని విడుదల చేస్తూ పాత సియెరా పక్క అద్దాల పోలికను అందులో నిలుపుకొంది. ఆ తరం బండ్ల మీద జనానికి ఉన్న ఇష్టం తయారీదారుకు కూడా తెలుసు అనుకోవచ్చు. ఎస్టేట్ పేరును మాత్రం ఎవరూ తిరిగి తలచుకోలేదు.

ఇక ఇంజన్ సంగతి. ఎస్టేట్‌లో ఉన్నది 1948 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. టాటా మొబైల్ పికప్‌లోను, తొలినాటి సుమోల్లోను ఉన్నది కూడా అదే. అందువల్ల పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్, క్లచ్ ప్లేటు, నాజిల్స్, వాటర్ పంపు వంటివి వెతికితే దొరుకుతాయి, దొరికినవాటిని అమర్చగలిగే చేతులు కూడా వరంగల్‌లో ఉన్నాయి. బస్సు అందని ఊళ్ళకు ములుగు, ఏటూరునాగారం, పరకాల, భూపాలపల్లి దారుల్లో ఏళ్ళ తరబడి మనుషులను చేరవేసినవి కమాండర్ జీపులు, ట్రాక్సులు, ఆ తరువాత సుమోలు. మేడారం జాతర వచ్చిందంటే వాటికి రాత్రీ పగలూ తెలిసేది కాదు. వాటి పంపులు విప్పి, బోరు చేయించి, రింగులు మార్చి నడిపించిన మేస్త్రీలు ఇంకా పనిలో ఉన్నారు. కంప్యూటర్ పెట్టి చూడవలసిన అవసరం లేని ఈ డీజిల్ ఇంజన్‌ను అలాంటి మేస్త్రీ వినికిడితోనే సగం పరీక్షించేస్తాడు. ఇంజన్ పాడైతే బాగుచేయించవచ్చు. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించి అడగవచ్చు కూడా. అందుకే దాన్ని నా మూడు షరతుల్లో చేర్చలేదు.

అద్దాల విషయం అలా కాదు. ముందు అద్దాన్ని ఎలాగో సంపాదించవచ్చునేమో గాని, వెనుక భాగంలోని పక్క అద్దాలు, వెనుక తలుపు అద్దం, వాటి చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు, వెనుక లైట్ల గాజులు, డాష్‌బోర్డు ముక్కలు ఎస్టేట్‌కు మాత్రమే చెందినవి. తక్కువగా అమ్ముడైన బండి కాబట్టి పాత సామాను దుకాణాల్లో కూడా ఇవి అరుదు. ఒక అద్దం పగిలితే దాని కోసం ఇంకో ఎస్టేట్ తుక్కుకు వచ్చేదాకా నెలల తరబడి ఎదురు చూడవలసి రావచ్చు. పాత బండి కొనేవాళ్ళలో చాలామంది ఇంజన్ చప్పుడు విని మురిసిపోయి, ఈ చిన్న చిన్న వస్తువులను చూడరు. మీరు మాత్రం ప్రతి కిటికీని కిందికి దించి పైకి ఎత్తి చూడండి. బీడింగు ఎండి పగిలి ఉంటే దాని కింద రేకు తుప్పు పట్టి ఉంటుందని అనుమానించండి.

జిప్సీని కాదంటున్నందుకు నాకు నిజంగా మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే అది గొప్ప బండి. సుజుకి జిమ్నీ వంశానికి చెందిన ఈ బండి 1985లో 970 సీసీల ఇంజన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజన్‌తో కింగ్ అయ్యింది. సైన్యం, పోలీసులు, అటవీ శాఖలు దాన్ని మూడు దశాబ్దాలకు పైగా వాడాయి. వెయ్యి కిలోలకు అటూ ఇటూగా మాత్రమే ఉండే తేలికైన ఒళ్ళు, ముందూ వెనుకా గట్టి ఇరుసులు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు, దానికి తోడు లో గేరు, వీటి వల్ల బరువైన బండ్లు కూరుకుపోయే చోట అది పైపైన నడిచి వెళ్ళిపోతుంది. దాని విడిభాగాలు కూడా ఎస్టేట్ విడిభాగాల కంటే సులభంగా దొరుకుతాయి. మీరు ఒక్కరే పొలానికి వెళ్ళివచ్చేవారైతే నేను జిప్సీనే తీసుకోమనేవాణ్ణి.

కాని మీ వెంట వచ్చేది డెబ్బై ఏళ్ళు దాటిన తల్లిదండ్రులు. నాలుగు మూలలా కమాన్ పట్టాల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చున్న జిప్సీ ప్రతి గుంతనూ నడుము దాకా చేరుస్తుంది. వెనుక ఎదురెదురుగా ఉండే బల్లల మీద పక్కకు తిరిగి కూర్చొని, పట్టుకోవడానికి సరైన ఆసరా లేకుండా, ములుగు మీదుగా సుమారు డెబ్బై కిలోమీటర్లు ప్రయాణం చేయడం పెద్దవాళ్ళకు శిక్ష. పైగా వెనుక తలుపు నుంచి లోపలికి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం. ఎస్టేట్‌కు పక్కలకు నాలుగు తలుపులున్నాయి, వెనుక సీటు ముందుకు చూస్తుంది, మీ అయిదుగురికీ చోటు సరిపోతుంది. మీ ప్రశ్నకు జవాబు తేల్చింది ఈ ఒక్క విషయమే.

సైన్యం వేలంలో కొన్న బండికి ఇంకొన్ని చిక్కులు ఉంటాయి. వేలంలో కొన్నట్టు కాగితం ఉంటే సరిపోదు, అది పౌర వాహనంగా రవాణా శాఖలో రిజిస్టరై, అమ్మేవారి పేరున ఆర్సీ ఉండాలి. సైన్యం వాడే ఆలివ్ ఆకుపచ్చ రంగును రక్షణ శాఖ వాహనాలకు తప్ప వేరే బండ్లకు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఆ రంగు చూసే మీరు ముచ్చటపడి ఉంటే, ఆ ముచ్చట చట్టం ఒప్పుకొనేది కాదు. మరొక మాట: పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, పాత జిప్సీలాంటి కార్బురేటర్ కాలపు పెట్రోలు బండి కొనేవారు ఇంధనం గొట్టాలు, రబ్బరు వాషర్లు, గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకొనే రకానికి మార్పించుకోవాలి. నెలకు రెండు మూడు సార్లు మాత్రమే కదిలే బండికి ఇది మరీ అవసరం. డీజిల్ ఎస్టేట్‌తో మీకు ఆ బెడద ఉండదు.

ఎస్టేట్‌తో మీరు చేయలేని పని ఏమిటో కూడా ముందే తెలుసుకోవాలి. అది వెనుక చక్రాలతో నడిచే బండి. బరువైన డీజిల్ ఇంజన్ ముందు ఉంటుంది, వెనుక ఖాళీగా ఉంటే చక్రాలకు పట్టు చాలదు. వానాకాలంలో ట్రాక్టర్లు తొక్కి బురద చేసిన ఆయకట్టు బాటలో అది ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ నిలిచిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా బండిని తారు రోడ్డు దగ్గరే ఆపి చివరి కిలోమీటరు నడవండి. అమ్మానాన్నలను ఆ నెలల్లో పొలం దాకా కాకుండా ఊళ్ళో ఇంటి దాకే తీసుకువెళ్ళండి. నిజం చెప్పాలంటే అటువంటి బురదలో మామూలు రోడ్డు టైర్లున్న ఫోర్ వీల్ బండి కూడా ఎక్కువ దూరం పోదు. చాలామంది దీన్ని నమ్మరు.

పొంగుతున్న వాగు విషయంలో ఏ బండికీ మినహాయింపు లేదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ ప్రాంతంలో గంటల వ్యవధిలో వాగు ఎంత పెరుగుతుందో మీ ఊరివాళ్ళు నాకంటే బాగా చెప్పగలరు. కదులుతున్న నీరు రెండడుగుల లోతు ఉంటే చాలు, జిప్సీనైనా ఎస్టేట్‌నైనా రోడ్డు మీదినుంచి తోసేస్తుంది. అలాగే తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో బాట వదిలి బండి నడపాలనే ఆలోచన ఏదైనా మనసులో ఉంటే దాన్ని ఇప్పుడే తీసేయండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మీ భార్య అన్న మాటలో నిజం ఉంది, దాన్ని మీరు తోసిపుచ్చకూడదు. పాత బండి ధర ఒక్కసారి కట్టి ఊరుకొనేది కాదు. నా సలహా ఏమిటంటే, కొనడానికి మీరు అనుకున్న మొత్తంలో మూడింట రెండు వంతులకే బండిని బేరం చేయండి, మిగిలిన వంతును మొదటి ఏడాది మరమ్మతుల కోసం ఆమె పేరున ఉన్న ఖాతాలో వేయండి. ఆ డబ్బు అయిపోతే ఆ ఏడాదికి బండి మీద ఇంకేమీ పెట్టనని ఆమెకు మాట ఇవ్వండి. ఇంట్లో చిన్న కారు ఉంది కాబట్టి ఎస్టేట్ రెండు నెలలు మేస్త్రీ దగ్గర ఉన్నా మీ బడికి, మీ అమ్మాయి చదువుకు ఆటంకం రాదు. ఈ చిన్న కారు లేకపోయి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మీ బావమరిదికి మాత్రం కృతజ్ఞతలు చెప్పి ఊరుకోండి. కొత్త ఎస్‌యూవీ తప్పకుండా భద్రమైనది, సుఖమైనది. కాని ముందుగా కొంత కట్టి మిగతాది ఏళ్ళ తరబడి కిస్తీలుగా కట్టడమూ, ఒక ముచ్చట కోసం చేతిలో ఉన్న పరిమితమైన సొమ్ము ఖర్చు చేయడమూ ఒక్కటి కావు. భద్రత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ఎస్టేట్‌లో ఎయిర్‌బ్యాగులు ఉండవు. అందరికీ సీటు బెల్టులు సరిగా పని చేసేలా చూడకుండా, బ్రేకులు పూర్తిగా విప్పి బాగుచేయించకుండా కుటుంబాన్ని అందులో ఎక్కించకండి. జాతీయ రహదారి 163 మీద లారీలతో పోటీకి దిగవలసిన బండి అది కాదు.

పరకాలకు వెళ్ళేటప్పుడు సుమోల మీద పనిచేసిన మేస్త్రీని వెంట తీసుకువెళ్ళండి, ఆయన కూలి ఇచ్చి తీసుకువెళ్ళండి. వస్తున్నామని చెప్పి, బండిని ముందుగా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారిని కోరండి. చేరగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి అది చేసే మొండితనాన్ని మీకు కనబడనీయకుండా దాచారని అర్థం. ఈ తరం డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హీటర్ ప్లగ్గులు పని చేస్తేనే సాఫీగా అందుకుంటుంది. నడుస్తున్నప్పుడు ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున బయటికి తన్నుతుంటే అది బ్యాక్ కంప్రెషన్. రింగులు, బోరు పని దగ్గర పడిందన్నమాట. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వీటికి ధర తగ్గించుకోవచ్చు.

అసలు సమయం కేటాయించవలసింది బండి కిందనే. ర్యాంపు మీదికో, గుంత మీదికో ఎక్కించి, చట్రం పొడవునా చిన్న సుత్తితో తట్టించండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కమాన్ పట్టాలు చట్రానికి తగిలే చోట్లు, అడ్డ కమ్మీలు, ఒళ్ళు చట్రం మీద కూర్చొనే బోల్టుల చుట్టుపక్కలు, తలుపుల అడుగు అంచులు, వెనుక చక్రాల పై వంపులు, ఇవి తుప్పు ఇష్టపడే స్థలాలు. కొత్తగా పూసిన నల్లటి తారు పూత కనబడితే సంతోషించకండి, దాని కింద ఏముందో గీకి చూపించమనండి. చట్రం మీద వెల్డింగు అతుకులు ఉంటే ఇక అక్కడినుంచి వచ్చేయండి. రేకుల టింకరింగ్ ఎంతైనా చేయించవచ్చు గాని, తుప్పు తిన్న చట్రం మీద మీ అమ్మానాన్నలను కూర్చోబెట్టకూడదు.

చివరిగా కాగితాలు. 1996లో రిజిస్టరైన సొంత బండికి మొదటి పదిహేనేళ్ళ గడువు 2011లో తీరింది, అప్పుడు ఒకసారి, ఆ తరువాత అయిదేళ్ళకు ఒకసారి చొప్పున 2016లో, 2021లో రెన్యువల్ జరిగి ఉండాలి. ఆ లెక్కన తరువాతి గడువు 2026. మధ్యలో ఒక విడత ఎగ్గొట్టి ఉంటే ఆలస్యానికి నెలనెలా అదనపు రుసుము పడుతుంది, గ్రీన్ ట్యాక్స్ బకాయి కూడా ఉండవచ్చు. 2025 ఆగస్టులో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం ఇరవై ఏళ్ళు దాటిన కారు తరగతి బండి రెన్యువల్ రుసుము 10,000 రూపాయలు. పదేళ్ళకే డీజిల్ బండ్లను ఆపేసేలా ఢిల్లీలో తెచ్చిన నియమం మన రాష్ట్రంలో లేదు. కాని అక్కడ చవకగా అమ్ముడై ఇక్కడికి వచ్చిన బండ్లు కొన్ని కాగితాలు సరిగా లేకుండా తిరుగుతున్నాయి కాబట్టి, నంబరు ఏపీ 36తో మొదలయ్యే పాత వరంగల్ బండే అయితే మీకు సగం దిగులు తీరినట్టే. ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును ఆర్సీతో మీరే అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇంజన్ ఎప్పుడైనా మార్చి ఉంటే ఆ సంగతి ఆర్సీలో ఎక్కి ఉండాలి. బ్యాంకు అప్పు తీరినా ఆర్సీలో హైపోతికేషన్ (బండి బ్యాంకుకు తాకట్టులో ఉందనే నమోదు) కొట్టేయించకుండా వదిలేసిన పాత బండ్లు చాలా ఉంటాయి, దాన్ని కూడా చూడండి. కొన్నాక ఎత్తు పెంచడం, లావు టైర్లు వేయడం, ముందు ఇనుప గార్డు బిగించడం వంటివి చేయించకండి. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, ఎస్టేట్‌ను ఎస్టేట్‌గా ఉంచడంలోనే దాని విలువ ఉంది.

బేరం కుదిరితే బయానా మాత్రమే ఇచ్చి, రెన్యువల్‌ను అమ్మేవారి పేరున ఆయన చేతనే చేయించండి. అధికారి బండిని చూసి సరేనన్నాక, బండిని మీ పేరుకు మార్చే 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు తీసుకొని మిగతా సొమ్ము చెల్లించండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీ పేరుకు మారిన తరువాతే బండిని పరకాల నుంచి కదిలించండి, హనుమకొండకు రాగానే నేరుగా ఇంటికి కాకుండా బ్రేకుల పనికి మేస్త్రీ షెడ్డుకు తీసుకువెళ్ళండి.